కోట గుమ్మానికి వీధిపోటు

ఒకానొక రాజ్యంలో రాజులకు తరానికో పిచ్చి ఉండేది. తాతగారికి వేట పిచ్చి, తండ్రిగారికి గుర్రాల పిచ్చి. వాటివల్ల జింకలకూ గడ్డికీ తప్ప జనానికి పెద్దగా నష్టం జరగలేదు. విజయకంఠీరవుడు గద్దె ఎక్కాక ఆయనకు కట్టడాల పిచ్చి పట్టింది. ఈ పిచ్చితో వచ్చిన చిక్కేమిటంటే, రాజుగారు ఏదైనా కట్టాలంటే ముందు ఇంకెవరిదో కూలాలి.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ మాట సొంతానికి కట్టుకునేవాళ్ళకు చెప్పింది. రాజులకేం, వేలు చూపిస్తే చాలు, మిగతా కష్టం అంతా వేరేవాళ్ళు పడతారు.

ఒకసారి రాజుగారు పొరుగు రాజ్యానికి పెళ్ళికి వెళ్ళాడు. అక్కడ గీత గీసినట్టు ఒక రాజవీధి ఉంది. ఈ కొసన నిలబడితే ఆ కొసన పడుకున్న కుక్క కనిపిస్తుంది. ఇందులో అంత మురిసిపోవాల్సిందేమిటో నాకిప్పటికీ తెలియదు కానీ, రాజుగారికి మాత్రం పెళ్ళివిందు కూడా సహించలేదు. తిరిగి వస్తూనే కోట మీది మేడ ఎక్కి తన నగరాన్ని చూసి ముఖం చిట్లించాడు.

"ఇదేం ఊరయ్యా, పిల్లలు ఆడుకుని వదిలేసిన గవ్వల్లా ఎక్కడి ఇళ్ళు అక్కడ పడి ఉన్నాయి" అన్నాడు.

మర్నాడే ఆజ్ఞ వెలువడింది. కోట సింహద్వారం నుంచి నగరద్వారం దాకా తిన్నగా ఒక రాజవీధి వేయాలి. నాలుగు ఏనుగులు పక్కపక్కన నడవాలి. రెండు వైపులా ఒకే ఎత్తు, ఒకే సున్నం, ఒకే రకం కిటికీలున్న మేడలు లేవాలి. ఆ మేడల్ని దూరదేశపు వర్తకులకు అమ్మాలి. అరుగులు మాత్రం ఉండకూడదు. అరుగుంటే జనం కూర్చుంటారు, జనం కూర్చుంటే వీధి అందం చెడిపోతుంది.

అంతా బాగానే ఉంది కానీ, తిన్నగా వెళ్ళే దారిలో కంచరి వీధి అడ్డం వచ్చింది.

కంచరి వీధి ఎవరూ కొలతలు పెట్టి వేసిన వీధి కాదు. నుయ్యి వచ్చిన చోట పక్కకు తిరిగి, వేపచెట్టు వచ్చిన చోట చుట్టి వెళ్ళి, ఎవరి ఇల్లూ కదపకుండా దారి చేసుకుంటూ పోయిన వీధి. పొద్దున్నించీ బిందెల మీద సుత్తి దెబ్బలు మోగుతూనే ఉండేవి. నడివేసవి మధ్యాహ్నం కూడా ఏదో ఒక గోడ నీడ ఇచ్చేది. ప్రతి ఇంటికీ అరుగుంది, ప్రతి అరుగు మీదా ఎవరో ఒకరు కబుర్లు చెబుతూ ఉండేవారు.

దాన్ని ఊరికే కూల్చేయడానికి లేదు. వెనకటి రోజుల్లో శత్రువులు కోటను ముట్టడించినప్పుడు ఈ వీధివాళ్ళు తమ ఇళ్ళలోని చెంబులూ తప్పేలాలూ కూడా కరిగించి ఫిరంగులు పోసి ఇచ్చారు. నెలల తరబడి మట్టి మూకుళ్ళలో వండుకుని తిన్నారు. అందుకు తండ్రిగారు కులదేవత ముందు నిలబడి, తగిన కారణం లేకుండా ఆ వీధిలో ఒక్క ఇటుక కదలదని మాట ఇచ్చాడు. ఆ మాట దాటడానికి కంఠీరవుడికి భయం. కారణం దొరికితే మాత్రం భయం లేదు.

కారణం వెతికిపెట్టడానికి విశ్వంభరుడు ఉన్నాడు. ఆయన ఆస్థాన వాస్తుపండితుడు. ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు పుచ్చుకునేలోపే ఆ ఇంట్లో ఏదో ఒక దోషం పట్టేవాడు. ఆయన మాట విని వంటిల్లు ఈ మూల నుంచి ఆ మూలకు మార్చి మార్చి, చివరికి పెరట్లో పొయ్యి పెట్టుకున్న కుటుంబాలు ఊళ్ళో బోలెడున్నాయి.

ఆయన కంచరి వీధిలో ఒక చుట్టు తిరిగి వచ్చి పెదవి విరిచాడు.

"మహారాజా, ఘోరం. ఆ వీధికి మలుపులు ఎక్కువ. మలుపు తిరిగిన ప్రతిచోటా వీధి తిన్నగా వచ్చి ఒక ఇంటి గుమ్మాన్ని పొడుస్తోంది. దీన్ని వీధిపోటు అంటారు. అలాంటి ఇంట్లో కాపురం ఉన్నవాడికి అరిష్టం, ఊరికి అరిష్టం, ఊరిని ఏలేవారికి ఇంకా అరిష్టం. వీధంతా నేలమట్టం చేయడమే వాళ్ళకు మనం చేయగల ఉపకారం."

"వాళ్ళ మేలు కోసమే అన్నమాట" అన్నాడు రాజు తృప్తిగా.

"అక్షరాలా" అన్నాడు విశ్వంభరుడు.

అదే సాయంత్రం కంచరి వీధిలో దండోరా వేశారు. వచ్చే పౌర్ణమికల్లా ఇళ్ళు ఖాళీ చేయాలి. ఏటి అవతల రేగడి నేలలో చోటు చూపిస్తారు. అక్కడికి బండి పోవాలంటే వానాకాలంలో ఎద్దులే ఏడుస్తాయి. ఇక బిందె కొనేవాడు అంత దూరం ఎందుకు వస్తాడు?

ఆ వీధి పెద్దమలుపులో గవరమ్మ అని ఒకావిడ పూటకూళ్ళ ఇల్లు నడిపేది. మొగుడు పోయాక ఆ పొయ్యి మీదే ఇద్దరు ఆడపిల్లల్ని పెంచి పెళ్ళిళ్ళు చేసింది. కొలువులో చమత్కారాలు చెప్పి బతికే బాచన ఆవిడ దగ్గరే రోజూ భోంచేసేవాడు. రాజుగారి వంటశాలలో పులుసుకు వాసన తప్ప రుచి ఉండదని అతని ఫిర్యాదు.

మర్నాడు అతను వచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు. గవరమ్మ అన్నం వడ్డించి, గరిటె చేతిలో పట్టుకునే నిలబడింది.

"విన్నావా బాచన్నా, మా ఇంటికి వీధిపోటు అంట."

"విన్నాను అక్కా."

"ఈ వీధి తిన్నగా మా గుమ్మంలోకే వస్తుంది. అందుకేగా ఆకలేసినోడు కూడా తిన్నగా మా గుమ్మంలోకే వస్తాడు. ఈ పోటు తగలబట్టే నా పిల్లలు అన్నం తిన్నారు. ఏటి అవతల ఎవరికి వండిపెట్టను, కొంగలకా?"

బాచన ముద్ద కలుపుతూ తల దించుకున్నాడు.

"నువ్వు నోరు పెట్టుకు బతికేవాడివి. ఆ నోరు ఒక్కసారి మా కోసం తెరిస్తే అరిగిపోతుందా?" అంది గవరమ్మ.

"తెరుస్తాను అక్కా. కాకపోతే నేను తెరిచినప్పుడు వచ్చే మాట నీకు నచ్చదు. కొంచెం ఓపిక పట్టు."

నిజంగానే నచ్చలేదు. ఎందుకంటే బాచన కొలువులోకి వెళ్ళి, "ప్రభూ, వీధిపోటు ఉన్న ఇళ్ళు కూల్చవలసిందే" అన్నాడు.

రాజుకు అనుమానం వచ్చింది. బాచన తనతో ఏకీభవించిన రోజు ఇంతకుముందు ఎప్పుడూ లేదు.

"ఏమయ్యా, ఒంట్లో బాగుందా?" అన్నాడు.

"బాగుంది ప్రభూ. ఒక్కటే బెంగ. జనం నోళ్ళు మంచివి కావు. పేదవాళ్ళ వీధి కాబట్టి దోషం పట్టారు, పెద్దవాళ్ళదైతే పట్టేవారా అంటారు. రేపు వేరే దేశపు వర్తకుడు మేడ కొనబోతూ ఆ మాట వింటే వెనక్కి తగ్గుతాడు. అదే ఒక శాసనం చెక్కించి నాలుగు వీధుల కూడలిలో నిలబెడితే ఎవరి నోరూ లేవదు. వీధి తిన్నగా వచ్చి ఎవరి గుమ్మాన్ని పొడిచినా సరే, ఆ ఇల్లు కూలవలసిందే అని."

విశ్వంభరుడు ఉబ్బిపోయాడు. తన మాట రాతి మీదికెక్కుతుందంటే ఏ పండితుడికి ఆనందం ఉండదు? "శాస్త్రానికి పక్షపాతం లేదు. అలాగే చెక్కించండి మహారాజా" అన్నాడు.

రాజుగారికి గొప్ప మాటలు చెప్పే అవకాశం వస్తే వదిలే అలవాటు లేదు. మీసం మీద చెయ్యి వేసి, "పేదా గొప్పా తేడా లేదని రాయించండి. పేద అయినా, ప్రభువైనా అని రాయించండి. కంఠీరవుడి న్యాయం అందరికీ ఒక్కటే" అన్నాడు. సభ అంతా చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టింది బాచన.

"ఇంకొక్క మనవి. ఈ శాసనం అమలు జరిపే పని నాకు ఇప్పించండి."

"నీకా?"

"రోజూ తిన్న ఇల్లే ముందు కూల్చాలి. ఆ పాపం నేనే మోస్తాను, తమకెందుకు?"

రాజు నవ్వి ముద్రిక ఇచ్చాడు.

ఊళ్ళో ఈ వార్త ఎంతసేపట్లో పాకి ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. ఆ పూట బాచన భోజనానికి వెళితే అరుగుల మీది మాటలు ఆగిపోయాయి. గవరమ్మ వద్దనలేదు, ఆకలితో వచ్చినవాణ్ణి వద్దనడం ఆవిడకు చేతకాదు. అన్నం పెట్టింది, పప్పు వేసింది. ఊరగాయ జాడీ మాత్రం మూత తీయలేదు. ఆ శిక్ష ఎంత పెద్దదో తెలిసినవాడు కాబట్టి బాచన నోరెత్తకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కుని వెళ్ళేముందు మాత్రం గుమ్మంలో ఆగాడు.

"అక్కా, వీధిలో మగవాళ్ళందరికీ చెప్పు. ఎల్లుండి పొద్దున్నే గునపాలూ పారలూ పట్టుకుని కోట సింహద్వారం దగ్గరికి రావాలి. కూల్చే పని ఉంది. కూలి రాజుగారే ఇస్తారు."

"మా ఇళ్ళు మాచేతే కూల్పిస్తావా?"

"మీ ఇళ్ళని నేను అన్నానా?" అన్నాడు బాచన.

గవరమ్మ అతని ముఖం వంక చూసింది. ఏమర్థమైందో, లోపలికి వెళ్ళి ఊరగాయ జాడీ తెచ్చి, "చెయ్యి కడుక్కుంటే కడుక్కున్నావు, కూర్చో" అంది.

మర్నాడు శంకుస్థాపన. వీధి వేసేముందు శిల్పులు సూత్రం పట్టడం ఆ రాజ్యంలో ఆచారం. పసుపులో ముంచిన తాడును ఈ కొస నుంచి ఆ కొసకు బిగించి కడతారు. యజమాని స్వయంగా మొదటి ముడి వేస్తాడు. ముడి పడ్డాక ఆ తాడును ఎవరూ దాటకూడదు, జరపకూడదు. విజయకంఠీరవుడు పట్టుబట్టలు కట్టుకుని, మేళతాళాల మధ్య కోట సింహద్వారపు స్తంభానికి తన చేత్తో ముడి వేశాడు. అవతలి కొస నగరద్వారం దగ్గర కట్టారు. ఇళ్ళున్న చోట కప్పుల మీదుగా లాగారు. తాడు ఎక్కడా వంకర పోలేదు. రాజుగారు మేడ ఎక్కి చూసుకుని మురిసిపోయాడు.

తెల్లవారి రాజుగారు లేచేసరికి కోటలో పెద్ద సందడిగా ఉంది. పళ్ళు తోముకోవడానికి నీళ్ళు తెమ్మంటే చెంబు లేదు. ఎక్కడుందంటే బండిలో ఉందన్నారు. కిటికీలోంచి చూస్తే వంటవాళ్ళు గుండిగలు దొర్లించుకుంటూ పోతున్నారు. రాణిగారి చిలుక పంజరంలోంచి అరుస్తూ బయటికి వెళుతోంది. వెనకాలే నలుగురు బోయీలు సింహాసనాన్ని తలకిందులుగా మోసుకుపోతున్నారు.

రాజు ఉత్తరీయం కూడా వేసుకోకుండా సింహద్వారానికి పరుగెత్తాడు. అక్కడ కంచరి వీధి మగవాళ్ళంతా గునపాలు పట్టుకుని వరసగా నిలబడ్డారు. వాళ్ళ ముందు బాచన ఒక ముక్కాలిపీట మీద నిలబడి, గోడను ఎక్కడినుంచి మొదలుపెట్టాలో సుద్దతో గీతలు గీస్తున్నాడు. జనం తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చారు.

"బాచనా, ఏమిటిది? నీ తల భుజాల మీద ఉండాలని లేదా?"

బాచన పీట దిగి వంగి దండం పెట్టాడు.

"ఉండాలనే ఉంది ప్రభూ. అందుకే తమరిచ్చిన ముద్రిక చూపించి, ఏలినవారి శాసనం తు.చ. తప్పకుండా అమలు చేస్తున్నాను. వీధి తిన్నగా వచ్చి పొడిచిన గుమ్మం ఎవరిదైనా ఆ ఇల్లు కూలవలసిందే. పేద అయినా, ప్రభువైనా. ఆ చివరి మాట తమరే వేయించారు."

"వేయిస్తే?"

"ఈ పసుపు తాడు చూడండి. నగరద్వారం దగ్గర బయలుదేరి, ఎక్కడా ఒక వంక లేకుండా, తిన్నగా వచ్చి తమరి గుమ్మానికే తగిలింది. కంచరి వీధి పోటు రెండెద్దుల బండి వెడల్పు. దీని వెడల్పు నాలుగు ఏనుగులు. ఈ రాజ్యంలో ఇంతకంటే పెద్ద వీధిపోటు లేదు. ముడి కూడా ఇంకెవరూ వేయలేదు, తమ చేత్తో తమరే వేశారు."

రాజు తాడు వంక చూశాడు. అది నిజంగానే చాలా తిన్నగా ఉంది. నిన్న మేడ మీంచి చూసినప్పుడు అంత అందంగా కనిపించింది, ఇవాళ కింది నుంచి చూస్తుంటే గుండెల్లోకి గురిపెట్టినట్టుంది.

"పండితుణ్ణి పిలవండి" అన్నాడు.

విశ్వంభరుడు వచ్చాడు. సింహాసనం బండి మీద చూశాడు, తాడు చూశాడు, గునపాలు చూశాడు. పండితుడే కానీ తెలివితక్కువవాడు కాదు. విషయం వెంటనే అర్థమైంది.

"ఏమయ్యా, కోట కూలాలా?" అని రాజు గర్జించాడు.

"అపచారం మహారాజా. కూలనక్కర్లేదు. శాస్త్రంలో దోషం చెప్పిన చోటే పరిహారం కూడా ఉంది. వీధికి ఎదురుగా గుమ్మం పైన ఇత్తడి వినాయకుణ్ణి ప్రతిష్ఠిస్తే పోటు పూర్తిగా తొలగిపోతుంది. పైగా శుభం."

"పూర్తిగా తొలగుతుందా?" అన్నాడు బాచన.

"ఇసుమంత కూడా మిగలదు. నా మాట మీద సందేహమా?"

"అబ్బే, తమరి మాట మీదే కదా ఇన్ని గునపాలు వచ్చాయి. ఇంత పెద్ద పోటుకు ఎంత విగ్రహం కావాలి పండితులవారూ?"

"మూరెడు చాలు."

"ప్రాణం లేచొచ్చింది. వెంటనే పోయించండి" అన్నాడు రాజు.

బాచన చేతులు నలుపుకున్నాడు. "అక్కడే చిన్న ఇబ్బంది ప్రభూ. ఇత్తడి విగ్రహం పోసేవాళ్ళు కంచరి వీధిలో తప్ప ఇంకెక్కడా లేరు. వాళ్ళను ఖాళీ చేయమన్నాం. కొలుములు ఆర్పేసి, అచ్చులు పగలగొట్టి, మూటలు కట్టుకున్నారు. అదిగో, పని లేక గునపాలు పట్టుకుని నిలబడ్డారు."

గునపాల వెనకనుంచి గవరమ్మ ముందుకొచ్చింది. రాజుగారిని అంత దగ్గరగా చూడటం ఆవిడకు అదే మొదలు. అయినా మాట తడబడలేదు.

"పోసిస్తారు మారాజా. ఇవాళే కొలుములు రాజేస్తారు. తమరి గుమ్మానికి మూరెడు సామి. మా వీధిలో పోటున్న గుమ్మాలకి తలా ఒక బెత్తెడు సామి. అంతా ఒకే మూసలో కరిగిన ఇత్తడి, ఒకే చేతులు. పంతులుగారు ఒక్క మాట చెప్పాలి. తమరి కోటకి పనిచేసిన సామి, మా ఇళ్ళకి పనిచేస్తాడా చెయ్యడా?"

విశ్వంభరుడు మనసులో లెక్కలు వేసుకున్నాడు. చేస్తాడంటే కంచరి వీధిని కూల్చడానికి కారణం పోయింది. చెయ్యడంటే కోటను కాపాడే దిక్కు పోయింది. కోటకు చేస్తాడు, గుడిసెకు చెయ్యడు అందామంటే, శాస్త్రానికి పక్షపాతం లేదని నిండు కొలువులో చెప్పింది తనే.

"చెప్పవయ్యా" అన్నాడు రాజు.

"చేస్తాడు" అన్నాడు విశ్వంభరుడు. ఆ మాట ముందు వరసలో ఉన్నవాళ్ళకు మాత్రమే వినపడింది. అయినా వెనకవాళ్ళకు చేరడానికి క్షణం పట్టలేదు. కంచరి వీధివాళ్ళు గునపాలు నేల మీద కొట్టి మోగించారు. గవరమ్మ చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

రాజుగారికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "మరి నా రాజవీధి?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, బొమ్మ లాగేసుకుంటే పిల్లవాడు పడే దిగులుంది.

బాచనకు ఆయన మీద జాలేసింది. అతనికి రాజంటే ఇష్టమే, రాజు పిచ్చే ఇష్టం లేదు.

"వీధి మానుకోమని ఎవరన్నారు ప్రభూ? కంచరి వీధి పక్కనుంచి కొంచెం వంపు తిప్పి వేద్దాం. ఆలోచించండి. విజయదశమి నాడు తమరు ఏనుగు మీద ఊరేగుతారు. తిన్నని వీధిలో జనానికి తమరు ఎక్కడినుంచో చీమంత కనబడటం మొదలవుతుంది. దగ్గరికి వచ్చేసరికి చూసి చూసి విసుగొచ్చి ఆవలిస్తుంటారు. అదే మలుపుందనుకోండి. బాకాలు వినిపిస్తాయి, ఏమీ కనబడదు. అందరూ మెడలు చాచి చూస్తుంటారు. ఒక్కసారిగా మలుపు తిరిగి, అంబారీ మీద నిండుగా తమరు. పొరుగు రాజుకు ఆ యోగం ఉందా?"

రాజుగారు కళ్ళు మూసుకుని ఆ మలుపు తిరిగాడు. ఏనుగు కనిపించింది, అంబారీ కనిపించింది, నోళ్ళు తెరిచిన జనం కనిపించారు. మీసం దానంతట అదే పైకి లేచింది.

"లేదు. వాడికి ఆ యోగం లేదు" అని, పకపకా నవ్వడం మొదలుపెట్టాడు. ఉత్తరీయం లేని రాజుగారి పొట్ట నవ్వుకు ఊగుతుంటే జనం కూడా నవ్వారు. తన చేత్తో వేసిన ముడి తనే విప్పాడు. సింహాసనాన్ని లోపలికి, ఈసారి తిన్నగా, తీసుకెళ్ళమన్నాడు. మెడలోని ముత్యాల హారం తీసి బాచన మెడలో వేశాడు.

"ఇది తెలివికి. నా కోటను నాచేతే దాదాపు కూల్పించిన ధైర్యానికి వేరే ఇవ్వాలి. కోరుకో. కొత్త వీధిలో మేడ కావాలా?"

"మేడ వద్దు ప్రభూ, ఊడ్చుకోలేను. ఆ శాసనం రాయి ఎలాగూ నిలబెట్టారు కదా, దాని మీద పాత మాట చెరిపించి కొత్త మాట చెక్కించండి. ఈ రాజ్యంలో ఎవరి ఇల్లు కూల్చాలన్నా, కూల్చమని చెప్పినవాడు ముందు ఆ ఇంట్లో ఒక పూట భోజనం చెయ్యాలి. తిని, చెయ్యి కడుక్కున్నాక, అదే నోటితో ఆ ఇంటివాళ్ళ ముఖం చూసి కూల్చమని చెప్పాలి. అంతే."

రాజు నవ్వు ఆపాడు. కంచరి వీధివాళ్ళ వంక చూశాడు, గవరమ్మ వంక చూశాడు.

"ఉప్పు తిన్నాక ఎలా చెప్పగలరయ్యా?" అన్నాడు మెల్లగా.

"అదేగా నేను కోరుకునేది" అన్నాడు బాచన.

రాజు మళ్ళీ నవ్వాడు. ఈసారి నవ్వు వేరుగా ఉంది. "అమ్మా, ఇవాళ వంటేమిటి?" అని గవరమ్మను అడిగాడు. ఆవిడ గుమ్మడికాయ పులుసు అంది. కోటలో గుండిగలు ఎలాగూ బండ్లలో ఉన్నాయి కాబట్టి, ఆ పూట రాజుగారి భోజనం కంచరి వీధిలోనే అయింది. రెండుసార్లు మారు వడ్డించుకున్నాడని చూసినవాళ్ళు చెప్పారు.

ఆ తర్వాత ఆ రాజ్యంలో ఒక్క ఇల్లు కూడా కూలలేదు. విశ్వంభరుడు మాత్రం దోషాలు పట్టడం మానలేదు. ఇల్లిల్లూ తిరిగి భోజనాలు చేస్తూనే వచ్చాడు. మనిషి బాగా ఒళ్ళు చేశాడని చెప్పుకుంటారు.